ఫిట్స్ లేవు సార్

డాక్టరు మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ లేవని చెప్పింది నేనే. మా అత్త పక్కనే ఉంది, అయినా నోరు తెరిచింది నేను. ఇంటర్ దాకా చదివినదాన్ని. అంగన్‌వాడీ టీచరుగా ఊళ్లో పిల్లలందరికీ నిజం చెప్పాలని నేర్పేదాన్ని. నా బడాయి అక్కడికే పరిమితం.

నా పేరు రోజీ. పుట్టిల్లు పుల్లలచెరువు దగ్గర. ఎనిమిదేళ్ల కింద మార్కాపురం పక్కన ఒక పల్లెకు కోడలిగా వచ్చాను. నా భర్త తిమోతి పలకల ఫ్యాక్టరీలో కూలీ. గనిలోంచి ట్రాక్టరు మీద వచ్చిన రాతి పలకలను ఎత్తి కోత మిషను దాకా మోయాలి, కోసినవాటిని మళ్లీ ఎత్తి పేర్చాలి. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమ్మల దాకా రాతిదుమ్మే. మా పాప కేథరిన్ అది చూసి "నాయన తాత అయిపోయినాడు" అని పకపకా నవ్వేది. ఆ దుమ్ముతోనే దాన్ని ఎత్తి మెడ మీద కూర్చోబెట్టుకునేవాడు. గౌను మాపుతున్నావని నేను గొడవ పెట్టుకునేదాన్ని. ఆ గౌన్లు ఎంత మాసినా ఉతికేదాన్ని, ఎందుకు గొడవ పెట్టుకున్నానో ఇప్పుడు అర్థం కాదు.

ఆదివారం ఆయనకు ఇంకో పని ఉండేది. మా చర్చి గంట కొట్టేది ఆయనే. ఆ పని ఎట్లా వచ్చిందో చెబితేగానీ మిగతాది అర్థం కాదు.

చిన్నప్పుడు తిమోతికి ఫిట్స్ వచ్చేవి. బడిలో, చేలో, ఎక్కడంటే అక్కడ పడిపోయేవాడట. కర్నూలు పెద్దాసుపత్రిలో మాత్రలు రాసిస్తే నాలుగైదేళ్లు వాడారు. పదిహేనో ఏట మా అత్త సరోజమ్మ నలభై రోజులు ఉపవాస ప్రార్థన పట్టింది. ఆఖరి రోజు మిగిలిన మాత్రలన్నీ పొయ్యిలో వేసేసింది. ఆ తర్వాత కొడుకు పగటిపూట పడిపోయింది లేదు. మొక్కుకున్న ప్రకారం చర్చి గంట తాడు కొడుకు చేతికిచ్చింది. అప్పటి నుంచీ ప్రతి ఆగస్టులో రెండో శనివారం మా ఇంటి ముందు కృతజ్ఞత కూటం. షామియానా, మైకు, టీ, బూందీ, ఊరంతా. మా అత్త లేచి సాక్ష్యం చెబుతుంది.

"నా బిడ్డ నోట్లో నురగ తుడిచిన చెయ్యి ఇది. దేవుడు ముట్టినాడు. ఆ దినం నుంచి ఈ దినం దాకా ఒక్కసారన్నా రాలేదు."

తర్వాత తిమోతి లేచి రెండు చేతులూ పైకెత్తి స్తోత్రం చెప్పేవాడు. గొప్పగా మాట్లాడటం రాదాయనకు. చేతులెత్తి నిలబడితే చాలు, ముసలమ్మలు కళ్లు తుడుచుకునేవాళ్లు.

ఆ సాక్ష్యమే మా పెళ్లి కుదిర్చింది. యర్రగొండపాలెం సభల్లో మా అత్త స్టేజీ ఎక్కి చెబుతుంటే మా నాయన ముందు వరసలో కూర్చుని విన్నాడు. ఇంతకన్నా మంచి ఇల్లు మనకు దొరకదన్నాడు. నేనూ విన్నాను. విని ఏడ్చాను. ఆ రోజు ఎవరైనా నన్ను అడిగితే ఆ పిల్లవాణ్ణే చేసుకుంటానని నేనే చెప్పేదాన్ని.

పెళ్లయిన నాలుగో నెల. కోడి కూసే వేళ మంచం ఊగుతుంటే మెలకువ వచ్చింది. ఆయన ఒళ్లంతా కొయ్యబారిపోయి, రెండు చేతులూ గుంజుకుపోయి, పళ్లు కొరుకుతున్నాడు. ఒక నిమిషం ఉందో లేదో. తర్వాత మామూలుగా గురక. తెల్లవారి లేచాక ఆయనకు ఏమీ గుర్తులేదు.

"ఏందే, నాలుక మండతాంది" అన్నాడు.

"రాత్రి కూరలో కారం ఎక్కువయింది బావా" అన్నాను.

ఆయన లేవకముందే కింద నుంచి లాగేసిన తడి దుప్పటి మా అత్త చేతిలో పెట్టి జరిగింది చెప్పాను. ఆమె కుళాయి దగ్గర కూర్చుని ఆ దుప్పటి ఉతికి, పిండి, మళ్లీ ఉతికింది. చివరకు నా వైపు చూడకుండానే అంది.

"ఎవురితోనూ అనొద్దు రోజమ్మా. వానితో అసలే అనొద్దు. ఇంతమంది ముందర దేవుని పేరు మీద చెప్పినా. అదే నోటితో మళ్లా వచ్చినాయని ఎట్ల చెప్పేది? నా సంగతి పోనీ. వాడు ఏమైపోతాడు? వాడు నిలబడిందే దాని మీద."

ఆమె చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషైతే నాకు ఎంతో తేలికగా ఉండేది, నాలుగు తిట్టి పుట్టింటికి పోయేదాన్ని. ఆమె నా కాన్పుకు ఇరవై రోజులు నిద్ర మానుకుని కూర్చున్న మనిషి. నేను సరేనన్నాను. ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో వచ్చేది, ఎప్పుడూ ఆ తెల్లవారుజామునే. ఆయనకు తెలిసేది కాదు. నేనూ మా అత్తా దుప్పటి ఉతికి ఆరేసేవాళ్లం. దాని గురించి మాట్లాడుకోవడం కూడా మానేశాం.

రెండేళ్ల కింద ఒక తెల్లవారి అలా వచ్చి పోయాక ఆయన కేక పెట్టి లేచాడు. కుడి చెయ్యి వేలాడుతోంది. భుజం గుండ్రం పోయి కింద గుంట పడింది. గూడ, అంటే భుజం కీలు, జారింది. మార్కాపురం ఆసుపత్రిలో లాగి కూర్చోబెట్టి, మూడు వారాలు కట్టు కట్టి పంపారు. పలకల బరువుకు సడలి ఉంటుందన్నాడు ఫ్యాక్టరీ మేస్త్రీ. అవునవును అని మేమందరం అన్నాం. అందులో నేను అందరికంటే గట్టిగా అన్నాను. ఆరు నెలలు తిరగకుండా ఇంకో తెల్లవారి ఎడమ గూడ కూడా అంతే.

అప్పటి నుంచి ఆ రెండు భుజాలూ ఆయన మాట వినడం మానేశాయి. చొక్కా తొడుక్కుంటే జారేది. దండెం మీద తువ్వాలు అందుకోబోతే జారేది. ఒక ఆదివారం గంట తాడు లాగుతూ ఉంటే కుడి గూడ జారి, తాడు పట్టుకునే అరిచాడు. లోపల పాడుతున్నవాళ్లు అది గంట చప్పుడులో కలిసిపోయిందన్నారు. తర్వాత్తర్వాత ఆయనే తన గూడ తాను సరిచేసుకోవడం నేర్చుకున్నాడు. మంచం మీద బోర్లా పడుకుని చెయ్యి కిందికి వేలాడదీసి, పళ్లు బిగించి, అలా పడి ఉండేవాడు. కాసేపటికి టక్కుమని లోపలికి పోయేది. ఆ చప్పుడుకు పాప చెవులు మూసుకునేది. ఫ్యాక్టరీవాళ్లు మోత మాన్పించి దుమ్ము ఊడ్చే పని ఇచ్చారు. పాప మాత్రం సాయంత్రం గేటు దగ్గర రెండు చేతులూ పైకి చాపి నిలబడేది, ఎత్తుకోమని. ఆయన వంగి దాని ముందు కూర్చునేవాడు. అది కొన్నాళ్లకు చేతులు చాపడం మానేసింది.

ఒంగోలులో భుజాలకు ఆపరేషన్ చేసే డాక్టరున్నాడని ఎవరో చెబితే పోయాం. అనిల్ కుమార్ అని, ముప్పై అయిదు కూడా ఉండవు, ఓపికగల మనిషి. తిమోతిని స్కానింగ్ గదిలోకి పంపి, నన్నూ మా అత్తనూ కూర్చోబెట్టి కాగితం మీద బొమ్మ గీశాడు.

"భుజం కీలంటే సాసరు మీద నిమ్మకాయ పెట్టినట్టు అమ్మా. సాసరు చుట్టూ మెత్తటి అంచు ఉంటుంది, అది కాయను జారనివ్వదు. మీ ఆయనకు రెండు వైపులా ఆ అంచు ఊడిపోయింది. వ్యాయామాలతో సర్దుకునే దశ దాటింది. రెండు దారులున్నాయి. చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూస్తూ ఊడిన అంచును ఎముకకు కుట్టేయడం ఒకటి. కోత తక్కువ, చెయ్యి బాగా లేస్తుంది. రెండోది, భుజం ముందరుండే చిన్న ఎముక ముక్క కోసి సాసరు అంచున పెట్టి స్క్రూలు బిగించడం. అది పెద్ద ఆపరేషన్, కానీ గట్టిది."

"రెండు భుజాలూ ఒకేసారి చేస్తారా సార్?" అన్నాను.

"చెయ్యను. రెండు చేతులూ కట్టేస్తే ముక్కు మీద ఈగను కూడా తోలుకోలేడు. ముందు కుడి, నాలుగైదు నెలలాగి ఎడమ. అది సరే. రెండు సార్లూ మొదట నిద్రలోనే జారిందన్నారు. నిద్రలో మనిషికి గూడ జారడం మామూలు కాదమ్మా. ఫిట్స్ ఏమన్నా ఉన్నాయా?"

మా అత్త చీర కొంగు అంచు వేలికి చుట్టుకుంటోంది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకు తెలీదు.

"లేవు సార్" అన్నాను.

"ఆలోచించి చెప్పండి. ఉంటే తప్పేం కాదు, దారి మారుతుంది, అంతే. ఫిట్స్ ఉన్నవాడికి కుట్లు ఆగవు. ముందు మాత్రలు మొదలుపెట్టి, కనీసం ఆరు నెలలు ఫిట్స్ రాకుండా చూసి, అప్పుడు ఎముక పెట్టే ఆపరేషన్ చేస్తాం. బాగానే అవుతుంది. అందుకని అడుగుతున్నా. ఉన్నాయా?"

"లేవు సార్. మంచం మీద నుంచి పడినాడు."

రెండుసార్లూ మంచం మీద నుంచే పడ్డాడా అని ఆయన అడగలేదు. కాగితం మీద ఏదో రాసుకున్నాడు. మూడోసారి ఆపరేషన్‌కు ముందు రోజు రౌండ్స్‌కు వచ్చి, మంచం మీదున్న తిమోతి వైపు చూస్తూ అడిగాడు. తిమోతి చెప్పబోయాడు. చిన్నప్పటి సంగతి, దేవుడు ముట్టిన సంగతి, అంతా మొదటి నుంచి చెప్పేవాడు. అది విన్న ఏ డాక్టరైనా ఊరుకుంటాడా? నేను అడ్డం పడి లేవు సార్ అన్నాను. తిమోతి నవ్వి ఊరుకున్నాడు. ఆయన లెక్కలో కూడా అవి లేవు కదా.

డిసెంబరులో కుట్ల ఆపరేషన్ అయింది. ఆరు వారాలు కుడి చెయ్యి పొట్టకు కట్టేసి ఉంది. అన్నం నేను కలిపి పెట్టేదాన్ని. గంట మా అత్త కొట్టేది, దెబ్బ సరిగా పడక ఊళ్లో నవ్వుకునేవాళ్లు. ఫిబ్రవరికి కట్టు తీశారు. గోడకు వేళ్లు ఆనించి మెల్లగా పైకి పాకించే వ్యాయామం చెప్పారు. పాప పలకపుల్లతో గోడ మీద గీతలు గీసేది, నాయన చెయ్యి ఏ రోజు ఎంతదాకా పోయిందో. గీతలు నడుము దాటాయి, భుజం ఎత్తుకు వచ్చాయి. ఆ నెల్లో నేను పిచ్చిదానిలా సంతోషపడ్డాను. నా అబద్ధం ఏమీ కాలేదనుకున్నాను. దేవుడు నా మొహం చూసి కాకపోయినా ఆయన మొహం చూసి సర్దుకున్నాడనుకున్నాను.

ఈస్టరు ముందు రోజు చర్చి కడగడానికి పోయి, ఎడమ చేత్తో గంట తాడు ఒక్కసారి లాగి చూశాడట. ఏమీ కాలేదని ఇంటికొచ్చి సంబరంగా చెప్పాడు. ఆ రాత్రి ప్రార్థనలు ముగిసి పడుకునేసరికి బాగా ఆలస్యమైంది. తెల్లవారుజాము ఆరాధనకు లేవాలి. లేవడానికి ముందే వచ్చింది. ఈసారి ఒక నిమిషం కాదు. నేను ఆ రెండు చేతులనూ గట్టిగా పట్టుకుని ఆపాలని చూశాను. నా చేతుల కిందే కుడి భుజంలో ఏదో తెగింది. ఎడమది ఎప్పుడు జారిందో కూడా తెలీదు.

స్పృహ వచ్చాక ఆయన ఏడ్చాడు. నొప్పికి కాదు.

"నా తప్పే రోజీ. ఆ తాడు ముట్టుకోవద్దని చెప్పినాడు డాక్టరు. నేనే ఆగలేకపోయినా."

మార్కాపురంలో రెండు గూడలూ ఎక్కించి, రెండు చేతులూ కట్టి, ఒంగోలు పొమ్మన్నారు. ఆ డాక్టరు ఊళ్లో లేడు, రెండు వారాల తర్వాత రమ్మన్నారు. ఆ రెండు వారాలూ నేను ఆయనకు మూతి తుడిచాను, ఒళ్లు కడిగాను, దొడ్డికి తీసుకుపోయి నీళ్లు పోశాను. ప్రతిసారీ ఆయన మొహం పక్కకు తిప్పుకుని "తాడు ముట్టుకోకుండా ఉంటే పోయేది" అనేవాడు. కాదు బావా, తాడు కాదు అని ఒక్కసారి అనలేకపోయాను. ఆయన తన్ను తాను తిట్టుకుంటుంటే చెంబుతో నీళ్లు పోస్తూ నిలబడ్డాను. నేను చేసిన అన్ని పనుల్లోకీ నీచమైనది అదే.

మా పాస్టరు జాకబ్ అయ్యగారు ప్రార్థన చేయడానికి వచ్చాడు. డెబ్బై ఏళ్ల మనిషి. పోయేటప్పుడు గేటు దాకా వెళ్లి ఆయనకు చెప్పేశాను, ఎనిమిదేళ్లదీ. ఆయన గేటు పట్టుకుని నిలబడిపోయాడు.

"ఎవురు ఆపినారమ్మా మిమ్మల్ని? నేను షుగరు మాత్రలు మింగి వచ్చే మీకు వాక్యం చెప్పేది. మందు మింగితే దేవునికి కోపమని నేను ఎప్పుడన్నా చెప్పినానా?"

"లేదయ్యగారూ."

"నన్ను ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాణ్ణి గదమ్మా" అన్నాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "పో. ముందు ఆ డాక్టరుకు చెప్పు."

ఎవరూ ఆపలేదు. ఆ మాట మోయడం నా వల్ల కావడం లేదు. ఎవరో ఒకరు ఆపి ఉంటే వాళ్లను తిట్టుకుంటూ బతికేదాన్ని.

ఒంగోలులో పేషెంటుతో లోపలికి ఒక్కరే రావాలన్నారు. మా అత్త టిఫిన్ క్యారియరు ఒళ్లో పెట్టుకుని బయట బెంచీ మీద కూర్చుంది. డాక్టరు కొత్త ఫిల్ములను వెలుగు మీద పెట్టి చాలాసేపు చూశాడు.

"నా తప్పే సార్" అన్నాడు తిమోతి. "గంట తాడు లాగినా."

"తాడు లాగితే ఇలా కాదు తిమోతీ. నేను కుట్టినవన్నీ ఊడి వచ్చాయి. సాసరు అంచు ఎముకే విరిగింది, రెండు వైపులా. ఇంత బలం ఎక్కడి నుంచి వచ్చింది?" ఆయన పాత ఫైలు తీసి తిరగేశాడు. నాకు తలకిందులుగా కనబడుతోంది. ఎర్ర సిరాతో మూడు చోట్ల ఒకటే మాట. "ఫిట్స్ లేవు, లేవు, లేవు అని రాసుకున్నాను. నాలుగోసారి అడుగుతున్నాను. ఉన్నాయా?"

నేను నోరు తెరిచేలోపు తిమోతి నవ్వాడు. రెండు చేతులూ ఛాతీకి కట్టేసి ఉన్నాయి. గడ్డం మాసి ఉంది. అయినా కూటంలో నిలబడినప్పటి నవ్వే.

"చిన్నప్పుడు ఉండె సార్. పదిహేనో ఏట దేవుడు తీసేసినాడు. మాత్రలు గూడ మా అమ్మ పొయ్యిలో వేసింది. అప్పటి నుంచి ఒక్కసారి గూడ రాలేదు. కావాలంటే మా రోజీని అడగండి. పక్కన పండుకునే మనిషి గదా. అది అబద్ధం చెప్పే మనిషి కాదు."

డాక్టరు నా వైపు తిరిగాడు.

"ఉన్నాయి సార్" అన్నాను. "ఏడాదికి రెండు, మూడు. తెల్లారుజామున. ఎనిమిదేండ్ల నుంచి ఉన్నాయి. గూడలు జారింది ఫిట్స్ వల్లనే. ఈస్టరు నాడు కూడా."

డాక్టరు కోప్పడలేదు. కోప్పడతాడని సిద్ధపడి ఉన్నాను, పడి ఉంటే బాగుండేది. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, ఇక ఏమేం మిగిలిందో చెప్పాడు. ముందు ఈ రోజు నుంచే మాత్రలు, నరాల డాక్టరు చెప్పినంత కాలం, బహుశా జీవితాంతం. ఆరు నెలలు ఫిట్స్ రాకుండా ఉంటే అప్పుడు తుంటి ఎముక ముక్క తీసి ఒక భుజంలో పెట్టి చూస్తాడు. అది అతికితే తర్వాత రెండోది. అతికినా చెయ్యి భుజం ఎత్తుకు మించి లేవదు. పలకలు మోసే పని ఇక లేదు. అతకకపోతే కీలు కదలకుండా బిగించేయడమే మిగిలేది.

"మొదటే ఎముక పెట్టి ఉంటే సార్?" అని అడిగాను. ఎందుకు అడిగానో. దెబ్బ మీద నేనే వేలు పెట్టి నొక్కుకున్నాను.

"మాత్రలు వేసుకుని, అప్పుడు పెట్టి ఉంటే" అన్నాడు, "చాలామందికి బాగానే నిలబడుతుందమ్మా." మిగతాది చెప్పకుండా మందుల చీటీ రాశాడు.

గది బయటికి వచ్చాక తిమోతి వరండా మలుపులో, మా అత్తకు కనబడని చోట, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఎనిమిదేండ్లా?"

"ఊఁ."

"నేను ప్రతి ఆగస్టులో చేతులెత్తి చెప్తాంటే నువ్వు ఎదురుగా కూచోని వింటా ఉన్నావు."

"బావా, నన్ను కొట్టు, తిట్టు" అన్నాను. కొట్టడానికి ఆయనకు చేతులు లేవని అన్న తర్వాత గుర్తొచ్చింది. నోరు పడిపోతే బాగుండుననిపించింది.

ఆయన నన్ను తిట్టలేదు. వరండా ఊడ్చే ఆమె వచ్చి కాళ్లు తియ్యమంటే పక్కకు జరిగాడు. తర్వాత మెల్లగా, బతిమాలుతున్నట్టు అన్నాడు.

"అమ్మకు మాత్రం చెప్పొద్దు రోజీ. తట్టుకోలేదు. ఆ సాక్ష్యం మీదనే బతుకుతాంది ఆమె. గంట తాడు వల్లనే అయిందని చెప్దాం. సరేనా?"

ఆమెకు ఎనిమిదేళ్లుగా తెలుసని, నీకు చెప్పొద్దని నా నోరు కట్టింది ఆమేనని ఆ క్షణాన చెప్పొచ్చు. ఆయనకు ఇక మిగిలింది వాళ్లమ్మే. నా మీద నమ్మకం ఇప్పుడే పోయింది, దేవుడి సంగతి అడిగే ధైర్యం నాకు లేదు. ఉన్న ఆ ఒక్కదాన్నీ ఎట్లా లాక్కునేది? మళ్లీ సరేనన్నాను. నా బతుకంతా ఆ మాటే.

"ఏమన్నాడు?" అంది మా అత్త, బెంచీ మీద నుంచి లేస్తూ.

"తాడు లాగినందుకే అన్నాడమ్మా" అన్నాడు తిమోతి. "బలానికి మాత్రలు రాసినాడు. ఆరు నెలలాగి మళ్లా రమ్మన్నాడు."

ఆమె కొడుకు మొహం చూసింది, నా మొహం చూసింది. నా చేతిలో ఉన్న మందుల కవరు కూడా చూసింది. "సరే నాయనా" అంది.

మధ్యాహ్నం మార్కాపురం బస్సు ఎక్కాం. ముగ్గురం ఒకే సీటు. ఆయన మధ్యలో, రెండు వైపులా మేము, కుదుపులకు భుజాలు తగలకుండా. చీమకుర్తి దాటాక మా అత్త క్యారియరు విప్పి ఇడ్లీ తుంచి కొడుకు నోట్లో పెట్టింది. చిన్నపిల్లవాడికి పెట్టినట్టు, చట్నీ కారకుండా కింద అరచెయ్యి పట్టి. తిన్నాక మొదటి మాత్ర వేసుకోవాలని డాక్టరు చెప్పాడు. ఆయన నా వైపు చూసి, కళ్లతోనే వాళ్లమ్మను చూపించాడు, ఇప్పుడు వద్దు అన్నట్టు. ఆమె చూస్తే ఏ మాత్రలో పోల్చుకుంటుందని ఆయన భయం. పదేళ్లపాటు కొడుకు ఫిట్స్ చూసిన తల్లి కదా.

మా అత్త క్యారియరు మూత పెట్టింది. చెయ్యి కిటికీలోంచి బయట పెట్టి కడుక్కుంది. తర్వాత మా వైపు వీపు తిప్పి, కిటికీ చువ్వలకు నుదురు ఆనించి కూర్చుంది. బయట చూడటానికేముంది అక్కడ, ఎండిన చేలూ రాళ్లూ తప్ప. నేను రేకు చింపి మాత్ర ఆయన నోట్లో పెట్టి, సీసా ఎత్తి నీళ్లు పోశాను. ఆయన గబగబా మింగి, అమ్మ చూడలేదు కదా అని ఊపిరి పీల్చుకున్నాడు. ఖాళీ రేకు నేను జాకెట్లో దోపుకున్నాను.

మాత్ర గొంతు దిగి, సీసా మూత బిగించి, సంచి జిప్పు లాగిన చప్పుడు వినబడ్డాక గానీ ఆమె ఇటు తిరగలేదు. తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకుంది, దుమ్ము పడిందంది.

పొదిలి బస్టాండులో బస్సు ఆగింది. ఆయన నా భుజానికి తల వాల్చి నిద్రపోయాడు. ఆయన నిద్రపోతే నాకు ఎప్పుడూ భయమే, చేతుల వైపే చూస్తూ కూర్చున్నాను. మా అత్త కూడా ఆ చేతుల వైపే చూస్తోంది.

"ఆగస్టులో కూటం ఉంది" అంది. "వాడు చేతులెత్తలేడు. నాకు గూడ ఇంక గొంతు లేవడంలే. ఈసారి సాక్ష్యం నువ్వు చెప్పాల రోజమ్మా."

"సరే అత్తా" అన్నాను.